ఏడు క్రోమిస్ చేపలు వేస్తే ఏడూ మిగలాలంటే

"ఏడు తెచ్చి వేశాను, నాలుగు నెలల్లో రెండే మిగిలాయి. నీళ్ల పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశాను?" ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే తొట్టి) పెట్టుకున్నవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఇదే. ఒకరు ఏడంటారు, ఒకరు పదంటారు. చేప మాత్రం దాదాపు ప్రతిసారీ అదే: నీలి ఆకుపచ్చ క్రోమిస్, శాస్త్రీయ నామం క్రోమిస్ విరిడిస్. చవకగా దొరుకుతుంది, పగడాల జోలికి పోదు, గుంపుగా తిరుగుతుందని దుకాణంలో చెబుతారు. అన్నీ నిజమే. అయినా నెలకొకటి చొప్పున మాయమవుతుంది. తెల్లారేసరికి రొయ్యలు, పీతలు, ఇసుకలోని పురుగులు పని ముగించేస్తాయి కాబట్టి చచ్చిన చేప కూడా కంటపడదు. నా మొదటి గుంపు కూడా అలాగే కరిగిపోయింది. ఆరు నుంచి ఒకటికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ ఒక్కటీ మరో మూడేళ్లు హాయిగా బతికింది.

ఇది ఎక్కువగా నీళ్ల వల్ల జరిగే నష్టం కాదు. దుకాణం నుంచి చేపతోపాటే వచ్చే జబ్బు ఒక కారణం, ట్యాంకులో చాలీచాలని తిండి వల్ల బలమైన చేపలు చేసే పెత్తనం రెండోది. కింది పద్ధతి అంతా ఈ రెండింటిని అడ్డుకోవడానికే.

మొదలుపెట్టే ముందు ఒక ఆశను తగ్గించుకోండి. వీడియోల్లో చూసినట్టు చేపలన్నీ ఒకే ముద్దగా, ఒకేసారి మలుపు తిరుగుతూ ఈదుతాయని అనుకోవద్దు. అవి అంత దగ్గరగా చేరేది భయపడినప్పుడు. వేటాడే చేప లేని ట్యాంకులో కొన్నాళ్లకు ధైర్యం వచ్చి, జానెడు జానెడు ఎడంగా, ఒకే ప్రాంతంలో తిరుగుతాయి. నిన్నటిదాకా విడివిడిగా ఉన్నవి ఈరోజు ఒక మూలన ముద్దగా చేరాయంటే మురిసిపోకండి, ఏం జరిగిందో చూడండి.

కావలసినవి

- కనీసం 4 అడుగుల పొడవున్న ట్యాంకు. 4 × 1.5 × 1.5 అడుగుల ట్యాంకు అంచుదాకా నింపితే సుమారు 250 లీటర్లు పడుతుంది. రాళ్లు, ఇసుక పోను 200 లీటర్లకు కాస్త ఎక్కువ మిగులుతుంది. ఆరేడు చేపలకు అది సరిపోతుంది. మూడడుగుల ట్యాంకు ఉన్నవారు క్రోమిస్ సంగతి మరచిపోండి, చివర్లో చెప్పిన ప్రత్యామ్నాయాలు చూడండి.
- కనీసం మూడు నెలలు నిలకడగా నడిచిన రీఫ్. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి.
- 60 నుంచి 80 లీటర్ల క్వారంటైన్ ట్యాంకు (కొత్త చేపలను కొన్ని వారాలు విడిగా ఉంచేది), స్పాంజ్ ఫిల్టర్, చిన్న హీటర్, నాలుగైదు పీవీసీ పైపు ముక్కలు. ఇది ఐచ్ఛికం కాదు.
- ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్, దాన్ని సరిచూసుకోవడానికి 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ద్రావణం.
- ఆర్‌ఓ నీళ్లు. తాగునీటి ఫిల్టర్ నీళ్లు నేరుగా పనికిరావు. మన ఇళ్లలో ఉండే చాలా మెషిన్లు రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి. ఆ కలిపే వాల్వు పూర్తిగా కట్టించి, వెనక డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేసేది) పెట్టించుకోండి. టీడీఎస్ మీటరు సున్నా చూపాలి.
- ఫ్రోజెన్ మైసిస్, బ్రైన్ ష్రింప్ (రెండూ గడ్డకట్టించిన చిన్న రొయ్యల్లాంటి జీవుల మేత), సన్నటి గుళికల మేత. పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఆటోమేటిక్ ఫీడరు.
- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, ట్యాంకు పైకి వల మూత.

విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లు సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. ఒడ్డు దగ్గర, అందులోనూ రేవు దగ్గర, నీళ్లు శుభ్రంగా ఉండవు. పైగా వర్షాకాలంలో నదుల వరద బంగాళాఖాతంలో కలిసి పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. రీఫ్ ఉప్పు కలుపుకోవడమే నయం, లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాములు.

రాళ్ల గురించి కూడా ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలకు పులితో సమానంగా మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చామంటూ ఎవరైనా పగడపు రాయి అమ్మజూపితే, అది ఎండిపోయినదైనా సరే, కొనకండి. సిరామిక్ రాయి, కృత్రిమ పొడిరాయి చాలు.

ఎలా చేయాలి

1. రాళ్లను కొమ్మల్లా పేర్చండి. సముద్రంలో క్రోమిస్ కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాల మీద బతుకుతుంది. పగలు ప్రవాహానికి ఎదురుగా నిలబడి కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను ఏరుకు తింటుంది. అలికిడైనా, చీకటి పడినా కొమ్మల సందుల్లోకి దూరుతుంది. ట్యాంకులో గోడ కట్టినట్టు రాళ్లు పేరిస్తే దాక్కునే చోట్లు రెండో మూడో ఉంటాయి, వాటిని బలమైన చేప ఆక్రమిస్తుంది. ఏడు చేపలకు కనీసం పది సందులు ఉండాలి. అన్నీ ఒకే గుట్టలో కాకుండా రెండు గుట్టలుగా, మధ్యలో ఈదే ఖాళీ వదిలి పేర్చండి.

2. ముందే ఒక స్పాంజ్‌ను సంప్‌లో (పెద్ద ట్యాంకు కింద ఫిల్టరు సామగ్రి ఉండే తొట్టిలో) పడేసి ఉంచండి. చేపలు తేవడానికి నెల ముందు వేస్తే అందులో మేలుచేసే బ్యాక్టీరియా స్థిరపడుతుంది. దాన్నే క్వారంటైన్ ఫిల్టరుకు తొడగండి. కొత్త స్పాంజ్ పెట్టి ఏడు చేపలు వేస్తే నాలుగో రోజుకే అమ్మోనియా పెరుగుతుంది.

3. దుకాణంలో తొందరపడకండి. వచ్చి కనీసం పది రోజులైన చేపలనే అడగండి. ఎదురుగా మేత వేయించండి. పైకి వచ్చి తినని చేప వద్దు. తల వెనక వీపు లోతుగా నొక్కుకుపోయినట్టు ఉంటే అది చాలాకాలంగా పస్తున్నట్టు లెక్క. అన్నిటికంటే ముఖ్యంగా పక్కల పొలుసుల కింద ఎర్రటి, గోధుమ రంగు మచ్చ ఉందేమో చూడండి. ఒక్క చేపకు ఆ మచ్చ ఉన్నా ఆ నీటిలో ఉన్న ఏ చేపనూ కొనవద్దు. అది యురోనిమా అనే ఏకకణ పరాన్నజీవి పని కావచ్చు, క్రోమిస్‌కు అది బద్ధశత్రువు.

   అన్నీ ఒకే పరిమాణంలో, 3 నుంచి 4 సెంటీమీటర్లవి ఎంచుకోండి. పెద్దది ఒక్కటి ఉన్నా మొదటి రోజు నుంచే అది రాజవుతుంది. బేసి సంఖ్యలోనే వేయాలని కొందరు పట్టుబడతారు. చేపలు లెక్కపెట్టుకోవు, ఆరైనా ఏడైనా పరవాలేదు. రొమ్ము రెక్క మొదట్లో నల్ల చుక్క ఉంటే అది విరిడిస్ కాదు, దాని దగ్గరి బంధువు క్రోమిస్ ఆట్రిపెక్టొరాలిస్. కాస్త పెద్దదవుతుంది, పెంపకంలో తేడా ఏమీ లేదు.

4. సంచి విప్పాక ఆలస్యం చేయకండి. మూసిన సంచిని 15 నుంచి 20 నిమిషాలు క్వారంటైన్ నీటిపై తేలనివ్వండి. తర్వాత విప్పి, రెండు నీళ్ల ఉప్పదనం చూసి, తేడా స్వల్పంగా ఉంటే చేపలను వలతో తీసి వెంటనే వదలండి. సంచి నీళ్లు పారబోయండి. గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్లు కలిపే పద్ధతి దూరం నుంచి పార్సిలులో వచ్చిన చేపలకు హాని చేస్తుంది. ప్రయాణంలో సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గుతుంది కాబట్టి అక్కడి అమ్మోనియా అంతగా విషం కాదు. సంచి విప్పగానే గాలి తగిలి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. అందుకే ముందే దుకాణానికి ఫోను చేసి వాళ్ల ఉప్పదనం ఎంతో కనుక్కుని, క్వారంటైన్ నీటిని దానికి సరిపెట్టి ఉంచడం మంచిది. దుకాణాల్లో చాలాచోట్ల తక్కువ ఉప్పుతో నడుపుతారు. తర్వాత వారం పది రోజుల్లో మెల్లగా 35కు తీసుకురండి.

5. నాలుగు వారాలు విడిగా ఉంచండి, ఆరు వారాలైతే ఇంకా మేలు. ఇక్కడే చాలామంది చేయి జారుస్తారు. "చేపలు చురుగ్గానే ఉన్నాయి కదా" అని వారానికే పెద్ద ట్యాంకులో వేసేస్తారు. నేను చూసినంతలో యురోనిమా ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడింది. మచ్చ కనిపించిన చేప రెండు మూడు రోజుల్లో పోయింది. మచ్చ చూసిన వెంటనే ఆ చేపను వేరే గిన్నెలోకి మార్చండి. మెట్రోనిడజోల్ కలిపిన మేత కొన్నిసార్లు పనిచేస్తుంది, అదీ చేప ఇంకా తింటూ ఉంటేనే. నిజం చెప్పాలంటే, మచ్చ పడ్డాక బతికినవి తక్కువ.

   ఒళ్లంతా ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు వస్తే అది తెల్లచుక్క జబ్బు, క్రిప్టోకారియాన్. దానికి రాగి మందు వాడతారు. క్వారంటైన్ ట్యాంకులో మాత్రమే, సీసా మీద రాసిన మోతాదులో, రాగి పరీక్ష కిట్టుతో కొలుస్తూ వాడాలి. పగడాలున్న ట్యాంకులో రాగి ఒక్క చుక్క కూడా వేయకూడదు. నత్తలు, రొయ్యలు, పగడాలు అన్నీ పోతాయి.

   తేడా ఒకటి గుర్తుపెట్టుకోండి. తెల్లచుక్క జబ్బు పెద్ద ట్యాంకులోకి వచ్చిందనుకోండి, చేపలన్నిటినీ తీసి 76 రోజులు ట్యాంకును చేపల్లేకుండా ఉంచితే పరాన్నజీవి తిండిలేక చస్తుంది. యురోనిమా అలా చావదు. చేప లేకపోయినా ఇసుకలోని కుళ్లు, బ్యాక్టీరియా తింటూ బతికేస్తుంది. దాన్ని గుమ్మం దగ్గరే ఆపాలి.

6. అన్నిటినీ ఒకేసారి, సాయంత్రం, దీపాలు ఆర్పాక వదలండి. ముందు పాత చేపలకు కడుపునిండా మేత వేయండి. రెండు ఇవాళ, మూడు వచ్చే వారం అని విడతలుగా వేస్తే ముందు వచ్చినవి స్థలం పంచుకుని, తర్వాత వచ్చినవాటిని నిలవనివ్వవు.

   ట్యాంకులో చేపలను చేర్చే వరుస కూడా ముఖ్యం. క్రోమిస్ ముందు రావాలి, టాంగ్ వంటి పెత్తందారు చేపలు ఆఖరున. ట్రిగ్గర్, లయన్‌ఫిష్, గ్రూపర్ అసలే వద్దు. చవకగా వస్తున్నాయని ట్యాంకు తొలినాళ్లలో వేసే డొమినో, మూడు చారల డామ్‌సెల్ చేపలు కూడా క్రోమిస్ కుటుంబానివే. దాయాదులు. వాటితో పొత్తు కుదరదు. క్లౌన్‌ఫిష్, గోబీ, ఫైర్‌ఫిష్ పరవాలేదు.

7. రోజుకు మూడుసార్లు, కొద్దికొద్దిగా పెట్టండి. పొద్దున ఒకసారి దండిగా వేసి ఆఫీసుకు వెళ్లిపోయే ఇళ్లలోనే గుంపులు త్వరగా కరుగుతాయి. క్రోమిస్‌కు పగలంతా ఏరుకు తినే అలవాటు. ఒక్కపూట మేతలో బలమైన రెండు చేపలు కడుపు పగిలేలా తింటాయి, మిగతావి తేలిపోతున్న తునకల వెంట పడతాయి.

   నేను చేసే పద్ధతి చెబుతాను. ఫ్రోజెన్ మేత బిళ్లను ట్యాంకు నీళ్లున్న కప్పులో వేసి పది నిమిషాలు కరగనిస్తాను. టీ వడకట్టే జల్లెడలో పోసి ఆ రసం పారబోస్తాను, లేకపోతే ఫాస్ఫేట్ పెరుగుతుంది. తర్వాత స్పాయిట్‌తో మూడు చోట్ల, వేవ్ మేకర్ (ట్యాంకులో నీటిని కదిలించే పంపు) ప్రవాహం ఎదురుగా వదులుతాను. ఒకే మూలన వేస్తే ఒక చేప ఆ మూల కాపలా కాస్తుంది. మూడు చోట్ల వేస్తే దానికి మూడు చోట్ల ఉండటం సాధ్యం కాదు. తునక చేప కంటికంటే పెద్దదిగా ఉండకూడదు. వేసిందంతా రెండు నిమిషాల్లో అయిపోవాలి. మధ్యాహ్నం ఇంట్లో ఉండలేరా? ఆటోమేటిక్ ఫీడరుతో సన్నగుళికలు చాలు.

8. వేసవికి, కరెంటు కోతకు ముందే ఏర్పాటు చేసుకోండి. ట్యాంకు నీరు 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. 29 దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి, ముందు గుంపు చేపలే ఇబ్బంది పడతాయి. హైదరాబాద్‌లో పొడిగాలి కాబట్టి సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ, ఫ్యాను అంతగా పనిచేయదు, నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లరు) తప్పదు. ఫ్యాను పెడితే నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటును ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లతో పూరించాలి. ఉప్పు ఆవిరవదు కదా. ఇక్కడ ఉప్పునీళ్లు పోసి నెలరోజుల్లో ఉప్పదనాన్ని 40కి ఎక్కించినవాళ్లు నాకు తెలుసు.

   కరెంటు పోతే ఇన్వర్టరు మీద ముందు నడవాల్సింది వేవ్ మేకరు. దీపం, స్కిమ్మరు (నీటిలోని మురికిని నురుగుగా తీసేది) ఆగితే కొన్ని గంటలు ఏమీ కాదు. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు.

ఒకదాన్ని మిగతావి తరుముతుంటే

క్రోమిస్ పెత్తనం కొట్లాటలా కనబడదు. పెద్ద చేప కరవదు, ఊరికే పక్కకు వచ్చి నిలబడుతుంది, చిన్నది చోటు ఖాళీ చేస్తుంది. రోజూ ఇదే. కొన్ని రోజులకు ఆ చిన్నది గుంపు వదిలేసి హీటరు వెనకో, సంప్‌లోకి నీరు దిగే గొట్టం పక్కనో, నీటి పైభాగంలో ఒక మూలన నిలబడిపోతుంది. రంగు మసకబారుతుంది, తోక అంచులు చిరుగుతాయి, మేతకు అందరికంటే ఆలస్యంగా వస్తుంది. ఈ దశలో పట్టించుకుంటే చేప దక్కుతుంది, ఇంకో వారం ఆగితే పోతుంది.

అందరూ దెబ్బతిన్న చేపను తీసి విడిగా పెడతారు. మీరు తరిమే చేపను తీయండి. చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో దాన్ని ట్యాంకులోనే ఒక వారం ఉంచండి. ఆ వారంలో మిగతావి స్థలాలు మార్చుకుంటాయి, పెద్దది తిరిగి వచ్చేసరికి కొత్త చేపలా ఉంటుంది. దెబ్బతిన్నదాన్ని తీసి మళ్లీ వేస్తే కొత్తదనం దాని మీదే పడుతుంది. పెట్టెతోపాటు ఒకటి రెండు రాళ్లు కూడా జరపండి. రెండోసారి కూడా అదే చేప అదే పని చేస్తే దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేయండి.

ఒక చేప ఉన్నట్టుండి పసుపు రంగుకు తిరిగి, వెనకభాగం నల్లబడి, ఒక రాయి చుట్టూ అందరినీ తరుముతుంటే అది జబ్బు కాదు, గుడ్లు కాపాడుతున్న మగచేప. కొద్ది రోజుల్లో మామూలు రంగుకు వస్తుంది. ఈ ఫోటో పంపి "ఏ మందు వేయాలి" అని అడిగినవారు ఎందరో.

సరిగ్గా సాగుతోందని ఎలా తెలుసుకోవాలి

రోజూ లెక్కపెట్టండి. మేత వేసినప్పుడు కాదు, అప్పుడు మీ కళ్లముందు అన్నీ గిర్రున తిరుగుతుంటాయి. దీపాలు ఆరే ముందు పావుగంట కూర్చోండి. నీలి వెలుతురు తగ్గుతుండగా మా ఇంట్లో చేపలు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. ముందు ఎడమ గుట్ట పై సందులోకి ఒకటి, తర్వాత దాని కిందికి రెండు, చివరగా తోక కొస చిరిగినది కుడి గుట్టలోకి. పది రోజులు చూస్తే ఏది ఎక్కడ పడుకుంటుందో మీకూ తెలిసిపోతుంది. ఒక సందు ఖాళీగా ఉంటే వెంటనే టార్చి పట్టుకుని వెతకండి, నేల మీద కూడా చూడండి. వల మూత పక్కకు జరిగి ఉంటే చేప సోఫా కింద దొరకవచ్చు.

వారానికి ఒకసారి ఒక చేప మొప్పల కదలికలను నిమిషంపాటు లెక్కపెట్టండి, తర్వాత మరో రెండిటివి. ఒకదానిది మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఉంటే మొప్పల జబ్బో, ఒత్తిడో మొదలైనట్టు. అన్నిటివీ ఎక్కువగా ఉంటే ఉష్ణోగ్రత, అమ్మోనియా చూడండి.

నీటిలో నేను చూసే అంకెలు: ఉప్పదనం 35 పీపీటీ, పీహెచ్ 8.1 నుంచి 8.4, నైట్రేట్ 10 పీపీఎం లోపు, ఫాస్ఫేట్ 0.1 పీపీఎం లోపు. మూడుసార్లు మేత పెడతాం కాబట్టి నైట్రేట్ మెల్లగా పెరుగుతుంది. వారానికి పదోవంతు నీళ్లు మార్చండి. రిఫ్రాక్టోమీటర్‌ను మామూలు నీటితో సున్నాకు పెట్టి సరిపోయిందనుకోకండి, 35 పీపీటీ ద్రావణం వేస్తే 33 చూపించే పరికరాలు బోలెడు.

క్రోమిస్ వద్దనుకుంటే

మొదటిసారి గుంపు పెంచేవారికి నేను ముందు చెప్పేది పైజామా కార్డినల్. ఎర్ర కళ్లు, నడుముకు నల్లపట్టీ, వెనక గోధుమ రంగు చుక్కలు. మెల్లగా, గాలిలో వేలాడినట్టు నిలబడి ఉంటుంది, చకచకా తిరగదు. నాలుగైదు కలిపి వేస్తే చాలావరకు సర్దుకుపోతాయి. మూడడుగుల ట్యాంకు చాలు.

దాని బంధువు బంగ్గాయ్ కార్డినల్ అందంలో మేటి. ఇండోనేసియాలో సులవేసి దగ్గరి బంగ్గాయ్ దీవుల్లో పుట్టిన చేప ఇది, అక్కడ అంతరించే ప్రమాదంలో ఉంది. కొంటే ట్యాంకుల్లో పుట్టినవే కొనండి, అదీ ఒక జంట. గుంపుగా వేస్తే ఒక జంట కుదిరి మిగతావాటిని చంపుతుంది.

ఆంథియాస్ అనే మరో గుంపు చేప గురించి అడిగేవారికి ఒకటే ప్రశ్న వేస్తాను: పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా? మూడు నాలుగుసార్లు మేత తప్పనిసరి, ట్యాంకు కూడా పెద్దది కావాలి. మగది పోతే ఆడవాటిలో పెద్దది మగదిగా మారుతుంది. చూడటానికి అద్భుతం, మొదటి ఏడాదిలో మాత్రం వద్దు.

ఇప్పటికే రెండు మూడు క్రోమిస్ మాత్రమే మిగిలినవారు కొత్తగా నాలుగు తెచ్చి కలపకండి. పాతవి ఇప్పుడు ఇంటి యజమానులు, కొత్తవాటిని ఒక్కొక్కటిగా ఏరేస్తాయి. మిగిలినవాటిని అలాగే ఉంచండి, ఒకటి రెండు చేపలుగా కూడా అవి బాగానే బతుకుతాయి. గుంపే కావాలంటే పాతవాటిని వేరేవారికి ఇచ్చి, కొత్త గుంపును మొత్తంగా క్వారంటైన్ చేసి, ఒకే సాయంత్రం వదలండి. అయితే పాతవాటిలో ఏదైనా ఎర్రమచ్చతో పోయి ఉంటే ఆ ట్యాంకులో మళ్లీ క్రోమిస్ వద్దు, కార్డినల్స్ వేసుకోండి.